పంటి ఇంజెక్షన్ తర్వాత ఒకరికి దడ, ఒకరికి స్పృహ తప్పడం... రెండూ ఒకటేనా?

ప్రశ్న: నా వయసు 25. ఇంటర్ బైపీసీ చదివాను. విశాఖపట్నం గాజువాకలో ఒక డెంటల్ క్లినిక్‌లో మూడేళ్లుగా అసిస్టెంట్‌గా చేస్తున్నాను. ఈమధ్య జ్ఞానదంతం ఆపరేషన్లకు, బాగా భయపడే పిల్లలకు మా సార్ మత్తు డాక్టర్‌ని పిలిపిస్తున్నారు. అప్పుడు నన్ను మానిటర్ దగ్గర నిలబెడతారు. పోయిన నెల ఒకే వారంలో రెండు జరిగాయి. కింది దవడకు ఇంజెక్షన్ ఇవ్వగానే ఒకావిడకు గుండె దడదడలాడి చేతులు వణికాయి. ఇంకో కుర్రాడు సూది చూసి పాలిపోయి, ఇంజెక్షన్ అవగానే కుర్చీలోనే స్పృహ తప్పాడు. ఇద్దరూ కాసేపటికి మామూలయ్యారు. ఆవిడ మాత్రం ‘నాకు ఆ ఇంజెక్షన్ పడదు’ అని అందరికీ చెబుతోందట. ఈ రెండూ ఒకటేనా? నాలాంటివాళ్లకు గుండె, నరాల గురించి ఎంత తెలిస్తే చాలు?
– ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: ఒకటి కాదమ్మా, ఒకదానికొకటి పూర్తిగా ఎదురు. ఆవిడకు గుండె పరుగెత్తింది, ఆ కుర్రాడికి నెమ్మదించింది. ఆ సమయంలో మణికట్టు మీద వేలు పెట్టి చూసి ఉంటే మీకే తెలిసేది.

ముందు ఒక మాట దగ్గరున్న చిక్కు తీసేద్దాం. మనం ‘నరం’ అనే ఒక్క మాటతో రెండు వేరు వేరు వాటిని పిలుస్తాం. ‘పంటి నరం లాగేస్తోంది’ అన్నప్పుడు అది నొప్పి కబురును మెదడుకు మోసే నరం. ‘నరానికి ఇంజెక్షన్ చేశారు’ అన్నప్పుడు అది రక్తం పారే సిర. మీ సార్ కింది దవడకు ఇంజెక్షన్ ఇచ్చే చోట ఈ రెండూ ఒకదాన్నొకటి ఆనుకొని ఉంటాయి. దవడ ఎముక లోపలివైపు ఒక చిన్న రంధ్రం ఉంటుంది. కింది పళ్లకు వెళ్లే నరం అందులోంచే లోపలికి పోతుంది. దాని పక్కనే ఒక ధమని, ఒక సిర కూడా పోతాయి. మందు వేయాల్సింది నరం పక్కన, రక్తనాళంలో కాదు. అందుకే మందు వదిలే ముందు సిరంజిని కొద్దిగా వెనక్కి లాగి, రక్తం వస్తోందేమో చూస్తారు. ఎంత జాగ్రత్తగా ఉన్నా కొద్దిగా మందు రక్తంలోకి జారిపోవడం అప్పుడప్పుడూ జరుగుతుంది. ఆవిడ విషయంలో అదే జరిగి ఉండవచ్చు. భయానికి శరీరం తనంతట తాను వదిలిన అడ్రినలిన్ అనే హార్మోన్ కూడా అందులో కలిసి ఉంటుంది.

ఆ జారిన చుక్క వెంట మనం కూడా వెళ్దాం, గుండె నిర్మాణం దానంతటదే అర్థమవుతుంది. మీరు వాడే మొద్దు మందు లిగ్నోకెయిన్‌లో సాధారణంగా అడ్రినలిన్ కలిపి ఉంటుంది. అది అక్కడి రక్తనాళాలను కుదించి మందును ఎక్కువసేపు అక్కడే నిలబెడుతుంది, రక్తస్రావాన్ని తగ్గిస్తుంది. సీసా మీద 1:80,000 అని ఉంటే ఒక మిల్లీలీటరులో 12.5 మైక్రోగ్రాముల అడ్రినలిన్ ఉన్నట్టు. దవడ సిరలోకి పోయిన చుక్క మెడ సిరలోంచి ఛాతీలోకి దిగి, పెద్ద సిర ద్వారా గుండె కుడివైపు పై గదిలో పడుతుంది. ఇది కుడి కర్ణిక. అక్కడి నుంచి కవాటం దాటి కింది గదిలోకి, అంటే కుడి జఠరికలోకి. కుడి జఠరిక దాన్ని ఊపిరితిత్తులకు పంపుతుంది. అక్కడ ఆక్సిజన్ నింపుకున్న రక్తంతో కలిసి ఎడమ కర్ణికకు, అక్కడి నుంచి ఎడమ జఠరికకు వస్తుంది. ఒళ్లంతటికీ రక్తం తోసేది ఎడమ జఠరికే కాబట్టి దాని గోడ అన్నిటికంటే మందం. అది తోసిన రక్తం బృహద్ధమనిలోకి వస్తుంది. ఆ ధమని మొదట్లోనే రెండు కొమ్మలు వెనక్కి తిరిగి గుండె కండరానికే రక్తం ఇస్తాయి. అవే కరొనరీ ధమనులు. అంటే గుండెలోంచి బయటికి వచ్చిన మందు మొట్టమొదట చేరేది మళ్లీ గుండెకే. ఇదంతా అర నిమిషం కూడా పట్టదు. ‘సూది తీయకముందే దడ వచ్చింది’ అని పేషెంట్ అంటే నమ్మండి.

ఇక దడ ఎలా పుడుతుందో చూడండి. కుడి కర్ణిక గోడలో పైభాగాన ఒక చిన్న కణాల గుంపు ఉంటుంది. పేరు ఎస్‌ఏ నోడ్. ఎవరూ చెప్పకపోయినా అది తనంతట తానే విద్యుత్తు పుట్టిస్తుంది. ఆ విద్యుత్తు రెండు కర్ణికల మీదుగా పాకి, పై గదులకూ కింది గదులకూ మధ్య ఏవీ నోడ్ దగ్గర ఒక్క క్షణం ఆగుతుంది. గాజువాక జంక్షన్‌లో సిగ్నల్ పడినట్టే అనుకోండి. ఆ ఆగిన కాస్త వ్యవధిలోనే కింది గదులు రక్తంతో నిండటం పూర్తవుతుంది. తర్వాత సన్నటి తీగల్లాంటి దారుల వెంట జఠరికలంతా వ్యాపించి వాటిని ఒక్కసారిగా ముడుచుకునేలా చేస్తుంది. మానిటర్ మీద కనిపించే మొదటి చిన్న గుట్ట కర్ణికలది, నిటారుగా లేచే మేకులాంటి గీత జఠరికలది, ఆ తర్వాతి గుట్ట జఠరికలు మళ్లీ సిద్ధమవుతున్నప్పటిది. ఈసీజీ చదివి జబ్బు చెప్పడం మీ పని కాదు. ప్రతి మేకు ముందూ ఒక గుట్ట ఉందా, మేకుల మధ్య దూరం ఒకేలా ఉందా... ఈ రెండూ గమనించి, తేడా కనిపించగానే పైకి చెప్పడం మీ పని.

అడ్రినలిన్ వెళ్లి ఎస్‌ఏ నోడ్‌ను తొందరపెడుతుంది. అందుకే దడ, వణుకు, కంగారు. శరీరం దాన్ని కొద్ది నిమిషాల్లోనే విరిచేస్తుంది కాబట్టి దడ కూడా అంతలోనే దిగిపోతుంది. ఆరోగ్యంగా ఉన్నవారికి ఇంతే. గుండె జబ్బు ఉన్నవారి సంగతి వేరు. వారికి ఒక సిట్టింగ్‌లో అడ్రినలిన్ 40 మైక్రోగ్రాములు దాటకుండా చూసుకుంటారు. 1:80,000 మందులో అది దాదాపు 3 మిల్లీలీటర్లు మాత్రమే. విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్‌లో గుండెకు చూపించుకునే పెద్దవాళ్లు పంటికి వచ్చినప్పుడు ఆ చీటీ ఇంట్లో వదిలేసి వస్తారు, ‘పన్నుకీ గుండెకీ ఏం సంబంధం’ అనుకుంటారు. ఆ చీటీ, మాత్రల అట్టలు అడిగి తీసుకుని మీ సార్ చేతిలో పెట్టండి. ప్రొప్రనలాల్ అనే మాత్ర పేరు ప్రత్యేకంగా గుర్తుంచుకోండి. దాన్ని మైగ్రేన్‌కు, చేతి వణుకుకు కూడా ఇస్తారు కాబట్టి చిన్న వయసు వాళ్లూ వాడుతుంటారు. దాని మీద అడ్రినలిన్ పడితే బీపీ ఉన్నట్టుండి పైకి పోవచ్చు.

ఇప్పుడు ఆ కుర్రాడి సంగతి. మెదడు నుంచి నేరుగా బయలుదేరే నరాలు 12 జతలు. వాటిలో మీకు రెండు తెలియాలి, అయిదోదీ పదోదీ. అయిదోది ట్రైజెమినల్, మూడు కొమ్మలది. నుదురు, పై దవడ, కింది దవడ దాని ఇలాకా. మీ క్లినిక్‌లో రోజూ మొద్దుబారేది దీని కొమ్మలే. పదోది వేగస్. పేరులో వేగం వినిపిస్తుంది గానీ దాని పని గుండెను నిదానింపజేయడం. ఇలా గుర్తు పెట్టుకుంటే మరిచిపోరు. ఎస్‌ఏ నోడ్‌ను దాని మానాన వదిలేస్తే నిమిషానికి దాదాపు 100 సార్లు కొట్టుకుంటుంది. మనం నిమ్మళంగా కూర్చున్నప్పుడు 70 దగ్గర ఉంటోందంటే వేగస్ పగ్గం పట్టుకుని ఉందన్నమాట. ఆ పగ్గానికి ఎదురుగా పనిచేసేవి వెన్నుపాము నుంచి వచ్చే సింపథెటిక్ నరాలు. టెన్షన్ వస్తే గుండెను ఉరికించేవి అవే.

సూది చూసి భయపడినప్పుడు మొదట సింపథెటిక్ నరాలు రేగుతాయి. కొందరిలో ఆ వెంటనే వేగస్ పగ్గాన్ని బలంగా లాగేస్తుంది. గుండె నెమ్మదిస్తుంది, కాళ్లలో రక్తనాళాలు వదులై రక్తం అక్కడే నిలిచిపోతుంది, మెదడుకు చాలినంత అందదు. ముఖం పాలిపోవడం, ముచ్చెమటలు, ఆవలింతలు, కడుపులో తిప్పడం ముందే కనిపిస్తాయి. మీరు వీటిని పట్టుకోగలిగితే స్పృహ తప్పకుండానే ఆపవచ్చు. కుర్చీని పూర్తిగా పడుకోబెట్టి కాళ్లు పైకెత్తండి. లేపి కూర్చోబెట్టడం, నోట్లో నీళ్లు పోయడం వద్దు. చేతులు ఒకటి రెండుసార్లు అదిరితే ఫిట్స్ అనుకుని గుప్పిట్లో తాళాలు పెట్టే అలవాటు మనవాళ్లకు ఉంది. తాళాలతో పని లేదు, తల కిందికి ఉండటమే కావాలి. నిండు గర్భిణి అయితే ఎడమవైపుకు ఒత్తిగిలి పడుకోబెట్టాలి. ఒకటి రెండు నిమిషాల్లో తేరుకోకపోతే అది మామూలు కళ్లు తిరగడం కాదనుకోండి. ఊపిరి లేకపోతే ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి, ఒకరు 108కి ఫోన్ చేయాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు. ఇది చదివితే వచ్చేది కాదు, బొమ్మ మీద చేతులతో నేర్చుకోవాలి. మీ సార్‌ని అడిగి ఆ శిక్షణ తప్పకుండా తీసుకోండి.

అనకాపల్లి నుంచి తెల్లారే బస్సెక్కి ఖాళీ కడుపుతో, ఉక్కలో చెమటలు కక్కుతూ వచ్చేవారు ఇలా పడిపోవడం ఎక్కువ. ఉత్త మొద్దు ఇంజెక్షన్‌కైతే టిఫిన్ చేసి రమ్మని ముందురోజే చెప్పండి. మత్తు ఇచ్చే కేసులకు మాత్రం దీనికి తిరగేసి. ఘనాహారం 6 గంటల ముందు, మంచినీళ్లు 2 గంటల ముందు ఆపాలి. ఫోన్‌లో ఈ రెండూ కలగాపులగం కాకుండా చూడాల్సింది మీరే.

లిగ్నోకెయిన్ సంగతీ కొంచెం తెలియాలి. నరం లోపల కబురు నడిచేది సోడియం లోపలికి వచ్చే దారుల వల్ల. ఈ మందు ఆ దారులను మూసేస్తుంది. అవే దారులు మెదడులోనూ, గుండెలోనూ ఉన్నాయి. రక్తంలో మందు మోతాదు మించితే ముందు మెదడు చెబుతుంది: పెదాల చుట్టూ తిమ్మిరి, నోట్లో ఇనుము రుచి, చెవుల్లో హోరు, మాట తడబాటు. ఆ తర్వాత ఫిట్స్, ఆ తర్వాత గుండె. ‘ఏంటో నోరు చేదుగా ఉందండీ’ అని పేషెంట్ అంటే తేలిగ్గా తీసుకోవద్దు.

మత్తు కేసుల్లో గుండె కంటే ముందు ఊపిరిని చూడండి. మత్తు మందులు మెదడు కాండంలో ఊపిరిని నడిపే చోటును జోగేలా చేస్తాయి. ఊపిరి ఆగిన వెంటనే ఆక్సిజన్ అంకె తగ్గదు, కొంత ఆలస్యంగా తగ్గుతుంది. కాబట్టి కళ్లు పిల్లవాడి ఛాతీ మీద, చెవి మానిటర్ శబ్దం మీద ఉంచండి. ఆక్సిజన్ తగ్గేకొద్దీ ఆ టిక్ టిక్ స్వరం కిందికి దిగుతుంది. పీజీ రోజుల్లో మా ప్రొఫెసర్ గారు మానిటర్‌కు వీపు పెట్టి నిలబడి, శబ్దం విని అంకె చెప్పమనేవారు. ఆ అలవాటు నన్ను ఇప్పటికీ కాపాడుతోంది. పిల్లల్లో గుండె నెమ్మదించిందంటే చాలాసార్లు అసలు కారణం ఊపిరి అందకపోవడమే.

చివరిగా, ఆ దడ వచ్చినావిడ. మీరు చెప్పిన లక్షణాలు అలర్జీవి కావు. అలర్జీ అయితే దద్దుర్లు, దురద, ముఖం వాపు, పిల్లికూతల్లాంటివి కనిపిస్తాయి. ‘ఈ ఇంజెక్షన్ పడదు’ అనే మాట ఆవిడ కేస్ షీట్లకు ఎక్కితే, రేపు ఏ డాక్టర్ అయినా మొద్దు మందు ఇవ్వడానికి జంకుతారు, ఆవిడ నొప్పి భరించాల్సి వస్తుంది. మీ సార్‌తో ఒకసారి ఆవిడకు ఫోన్ చేయించండి. ఆ రోజు ఏ మందు, ఎంత ఇచ్చారు, పల్స్ ఎంత ఉంది, ఎంతసేపట్లో తగ్గింది అన్నది ఒక కాగితం మీద రాయించి ఆవిడ చేతికివ్వండి.