యోగా మొదలుపెట్టాక డిప్రెషన్ మాత్రలు ఆపేయొచ్చా?

సొంతంగా ఆపకూడదు, యోగా, ప్రాణాయామం మందుకు తోడే గానీ బదులు కాదు. ఎస్సిటాలోప్రామ్ లాంటి మాత్ర పనిచేయడం మొదలవడానికే 2 నుంచి 4 వారాలు పడుతుంది, మనసు కుదుటపడ్డాక కూడా కనీసం 6 నెలలు వాడాలి. ఉదాహరణకు, రోజూ 10 మి.గ్రా. వేసుకునేవాళ్లు ఒక్కసారిగా మానేస్తే కొద్ది రోజుల్లోనే తల తిరగడం, నిద్ర పట్టకపోవడం, తలలో కరెంటు షాక్ కొట్టినట్టు జిల్లుమనడం రావచ్చు. ఇది చూసే చాలామంది ‘మాత్రలకు బానిసలమైపోయాం’ అని భయపడతారు. కాదు, మందుకు సర్దుకున్న మెదడు అది లేకుండా మళ్లీ సర్దుకోవడానికి టైం పడుతుంది, అంతే. అందుకే డాక్టరు 10 నుంచి 5కి, ఆపైన ఇంకా తక్కువకి, వారాల తరబడి మెల్లగా దించుతారు. మూలికే కదా అని సెయింట్ జాన్స్ వర్ట్ మాత్రం కలపొద్దు. రెండూ కలిస్తే సెరటోనిన్ అనే మెదడు రసాయనం ప్రమాదకరంగా పెరగొచ్చు.