చైనా నౌకాదళం గురించి రాయబోతున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం "ప్రపంచంలోకెల్లా పెద్ద నౌకాదళం చైనాదే" అంటూ మొదలైంది. అబద్ధమేమీ కాదు. అమెరికా రక్షణ శాఖ పెంటగాన్ 2024 నివేదిక ప్రకారం చైనాకు యుద్ధనౌకలు, జలాంతర్గాములు కలిపి 370 పైచిలుకు ఉన్నాయి. అమెరికావి 290 చిల్లర. కానీ ఆ 370లో ఏమేం ఉన్నాయో నువ్వు చెప్పలేదు. చైనా టైప్ 056 కార్వెట్, అంటే చిన్న యుద్ధనౌక, సుమారు 1,500 టన్నులు. అమెరికా నిమిట్జ్ తరగతి విమాన వాహక నౌక దాదాపు లక్ష టన్నులు. లెక్కలో మాత్రం అదీ ఒకటే, ఇదీ ఒకటే. ఎడ్లబండినీ పద్దెనిమిది చక్రాల లారీనీ చూపించి "చెరొక బండి" అన్నట్టుంటుంది ఆ పోలిక. టన్నుల్లో తూస్తే ఇప్పటికీ అమెరికాదే పైచేయి.

అలాగని సంఖ్యను తీసిపారెయ్యకు. అమెరికా ఓడలు ప్రపంచమంతా చెదిరి ఉంటాయి. చైనావి చాలావరకు సొంత తీరం ముంగిట్లోనే ఉంటాయి. తైవాన్ జలసంధి ఇరుకైన చోట 130 కిలోమీటర్లే. అక్కడ చిన్న ఓడా పనికొస్తుంది, ఒడ్డు మీది క్షిపణులూ తోడవుతాయి. అదే నౌకాదళం హిందూ మహాసముద్రానికి వచ్చేసరికి పలచబడిపోతుంది. అందుకని ఏ అంకె రాసినా ఏ సముద్రం గురించి మాట్లాడుతున్నావో ముందే చెప్పు. నా లెక్కలో ఈ విషయం మొత్తం తిరిగేది ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే: ఈ ఓడ ఇంటికి ఎంత దూరంలో, ఎన్నాళ్లు నిలబడగలదు?

ఫిలిప్పీన్స్ పడవల మీద నీటి ఫిరంగులు కొట్టింది నౌకాదళమని రాశావు. ఆ పని ఎక్కువగా చేసేది చైనా కోస్ట్‌గార్డ్. దాని వెనక చేపల పడవల వేషంలో తిరిగే సముద్ర మిలీషియా వేరే ఉంది. పెంటగాన్ చెప్పే 370లో ఈ రెండూ లేవు. ఒక్కోసారి నౌకాదళం కూడా అదే చోట కనిపిస్తుంది. 2025 ఆగస్టులో దక్షిణ చైనా సముద్రంలోని వివాదాస్పద దిబ్బ స్కార్‌బరో షోల్ దగ్గర ఫిలిప్పీన్స్ ఓడను తరుముతూ ఒకదాన్నొకటి గుద్దుకున్న రెండు ఓడలూ చైనావే: ఒకటి కోస్ట్‌గార్డ్‌ది, ఇంకోటి నౌకాదళ డిస్ట్రాయర్. కాబట్టి ఫొటోలో ఓడ రంగు, దాని మీది అంకె చూశాకే ఎవరిదో రాయి. తెల్ల రంగు, వాలుగా ఎర్ర పట్టీ ఉంటే కోస్ట్‌గార్డ్. బూడిద రంగైతే నౌకాదళం.

ఇక విమాన వాహక నౌకలు. చైనా మూడో వాహక నౌక ఫూజియన్ 2022లో నౌకాదళంలో చేరిందన్నావు. చేరలేదు. 2022 జూన్ 17న షాంఘైలోని జియాంగ్‌నాన్ యార్డులో జలప్రవేశం చేసింది. 2024 మే 1న మొదటిసారి సముద్ర పరీక్షలకు బయల్దేరింది. 2025 నవంబర్ 5న సాన్యాలో, షీ జిన్‌పింగ్ సమక్షంలో నౌకాదళంలో చేరింది. వీటి తర్వాత ఇంకో రోజు వస్తుంది, దానికి ఎవరూ రిబ్బన్ కత్తిరించరు. ఓడ, దాని విమానాలు, తోడు నౌకలు కలిసి నిజంగా యుద్ధానికి పనికొచ్చే రోజు అది. ఉక్రెయిన్ దగ్గర 1998లో 2 కోట్ల డాలర్లకు కొన్న అసంపూర్తి వాహక నౌక వర్యాగ్, లియావోనింగ్ పేరుతో 2012 సెప్టెంబర్ 25న నౌకాదళంలో చేరింది. అది యుద్ధానికి సిద్ధమన్న మాట దాని అధికారి నోట వచ్చింది 2016 నవంబర్‌లో, అంటే నాలుగేళ్లకు. ఫూజియన్‌కు ఎంతకాలం పడుతుందని జోస్యం చెప్పకు. లియావోనింగ్ తేదీలు ముందుపెడితే పాఠకుడే అంచనా వేసుకుంటాడు.

ఫూజియన్ ఎందుకు వేరో నువ్వు ఒక్క ముక్కలో తేల్చేశావు. ఇక్కడే తీరిగ్గా రాయాలి. చైనా మొదటి రెండు వాహక నౌకలు లియావోనింగ్, షాన్‌డాంగ్ రెండింటికీ డెక్ ముందు కొస పైకి వంగి ఉంటుంది, స్కీ జంప్ అంటారు. విమానం సొంత ఇంజిన్ బలంతోనే పరుగెత్తి ఆ వంపు మీంచి లేవాలి. అందుకని నిండా ఇంధనం, నిండా ఆయుధాలు రెండూ మోయలేదు. ఒకటి తగ్గించుకోవాల్సిందే. అంతకంటే పెద్ద లోటు, పైనుంచి దూరాన వచ్చే శత్రువును పసిగట్టే రాడార్ విమానం లేకపోవడం. అలాంటి విమానం బరువుకు టర్బోప్రాప్ ఇంజిన్లతో స్కీ జంప్ మీంచి లేవడం కుదరదు గనక ఆ రెండు ఓడలూ రాడార్ హెలికాప్టర్‌తో సరిపెట్టుకున్నాయి.

ఈ లోటు వల్ల పోయేది ఎంతో లెక్క కట్టి చూపించు. ఎత్తును మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.1తో గుణిస్తే, సముద్ర మట్టాన ఉన్న వస్తువును రాడార్ ఎన్ని కిలోమీటర్ల దూరం నుంచి చూడగలదో ఉజ్జాయింపుగా వస్తుంది. 3,000 మీటర్ల ఎత్తులోని హెలికాప్టర్‌కు సుమారు 225 కిలోమీటర్లు. 7,500 మీటర్ల ఎత్తులోని విమానానికి సుమారు 355. అలల మీదుగా దూసుకొచ్చే క్షిపణి గంటకు 900 కిలోమీటర్ల వేగంతో వస్తుందనుకుంటే, ఆ 130 కిలోమీటర్ల తేడా అంటే దాదాపు తొమ్మిది నిమిషాలు ముందుగా తెలియడం. పైగా విమానం హెలికాప్టర్ కంటే చాలా ఎక్కువసేపు గాల్లో ఉంటుంది.

ఫూజియన్ మీద మూడు విద్యుదయస్కాంత క్యాటపల్టులు, అంటే విమానాన్ని విసిరినట్టు ముందుకు తోసి లేపే యంత్రాలు ఉన్నాయి. 2025 సెప్టెంబర్‌లో చైనా విడుదల చేసిన వీడియోలో జె-15టి, జె-35, కేజే-600 మూడూ వాటి మీంచి లేచాయి. అందరూ స్టెల్త్ (రాడార్‌కు సులువుగా చిక్కనిది) అని జె-35 గురించే రాశారు. నువ్వు కేజే-600 గురించి రాయి, రాడార్ విమానం అదే. ఇంకో మాట: మన విక్రమాదిత్య, విక్రాంత్ కూడా స్కీ జంప్ ఓడలే. చైనా పాత ఓడలను ఎగతాళి చేసిన పేరాలోనే ఆ సంగతీ ఉండాలి.

ఫూజియన్ 80,000 టన్నుల పైమాట, కానీ అణుశక్తితో నడవదు. దూరం వెళ్తే ఇంధనం నింపే ఓడ వెంట ఉండాల్సిందే. చైనా దగ్గర ఇందుకు టైప్ 901 అనే పెద్ద సరఫరా నౌకలున్నాయి, ఒక్కోటి 45,000 టన్నుల పైన. కొత్త వాహక నౌక వచ్చినప్పుడల్లా వీటి సంఖ్య కూడా పెరిగిందా అని చూడు. "అణుశక్తి ఉంటే ఇంధనం బాధే లేదు" అని మాత్రం రాయకు. ఓడకు అక్కర్లేకపోయినా విమానాలకు కావాలి, అది నాలుగు రోజులకోసారో వారానికోసారో సముద్రం మీద అందించాల్సిందే. మూడు వాహక నౌకలున్నాయంటే మూడూ సముద్రం మీద ఉన్నట్టు కూడా కాదు. ఒకటి మరమ్మతులో, ఒకటి శిక్షణలో ఉంటే బయట తిరిగేది ఒకటే. అందుకే 2025 జూన్‌లో లియావోనింగ్, షాన్‌డాంగ్ ఒకేసారి పశ్చిమ పసిఫిక్‌లో కనిపించడం, లియావోనింగ్ రెండో ద్వీపమాల (జపాన్ నుంచి గువామ్ మీదుగా దక్షిణానికి సాగే దీవుల వరుస) దాటి వెళ్లడం జపాన్‌కు అంత పెద్ద వార్త అయింది.

జలాంతర్గాములన్నిటినీ ఒకే గాటన కట్టావు. పెంటగాన్ లెక్కలో డీజిల్‌వి 48, దాడి చేసే అణు జలాంతర్గాములు 6, అణ్వస్త్ర క్షిపణులు మోసేవి 6. ఈ మూడింటి పనులూ వేరు. చివరి ఆరూ టైప్ 094లు, ఒక్కోదానిలో 12 క్షిపణులు. వాటిలో పాత క్షిపణి జేఎల్-2 సుమారు 7,200 కిలోమీటర్లు పోతుంది. దానితో అమెరికా ప్రధాన భూభాగాన్ని కొట్టాలంటే జపాన్, తైవాన్, ఫిలిప్పీన్స్‌ల మీదుగా సాగే మొదటి ద్వీపమాల దాటి పసిఫిక్‌లోకి పోవాలి, దారిలో జపాన్, అమెరికా సోనార్లు కాచుకుని ఉంటాయి. కొత్త జేఎల్-3 సుమారు 10,000 కిలోమీటర్లు. దానితో దక్షిణ చైనా సముద్రంలోనే ఉండి అమెరికాలో కొంత భాగాన్ని అందుకోవచ్చు. అప్పుడు ఆ సముద్రాన్ని కంచె వేసి కాపాడుకుంటే చాలు. ఆ సముద్రంలోని ఫియరీ క్రాస్, సూబి, మిస్చీఫ్ దిబ్బల మీద రన్‌వేలు, చైనా దక్షిణాన హైనాన్ దీవిలోని యులిన్ జలాంతర్గాముల స్థావరం, వాహక నౌకలు: నువ్వు వేర్వేరు పేరాల్లో పెట్టిన ఈ మూడు విషయాలూ ఇక్కడ ఒక్కటవుతాయి. యులిన్‌నే ఎందుకు ఎంచుకున్నారో లోతుల పటం చెబుతుంది. ఉత్తరాన పసుపు సముద్రం (ఎల్లో సీ) సగటు లోతు 44 మీటర్లే, పెద్ద జలాంతర్గామికి దాక్కునే చోటే ఉండదు. హైనాన్‌కు దక్షిణంగా పోతే సముద్రం వేల మీటర్ల లోతుకు దిగిపోతుంది.

జలాంతర్గాముల చప్పుడు గురించి డెసిబెల్ అంకెలు రాశావు, కొట్టెయ్యి. అలాంటి కొలతలు ఏ నౌకాదళమూ బయటపెట్టదు. ఎక్కడ చూసినా కనిపించే ఆ గ్రాఫ్ అమెరికా నౌకాదళ నిఘా విభాగం 2009లో వేసింది. సోవియట్ కాలపు డెల్టా 3 జలాంతర్గామి కంటే టైప్ 094 ఎక్కువ చప్పుడు చేస్తుందని అది చూపింది. వాడుకుంటే సంవత్సరం వేసి వాడుకో, నేటి సంగతిలా రాయకు. 2024లో వుహాన్‌లోని వుచాంగ్ యార్డులో జలాంతర్గామి మునిగిందన్న వార్త విషయంలోనూ అంతే. ఉపగ్రహ చిత్రాల్లో క్రేన్ పడవలు కనిపించాయి. అది అణు జలాంతర్గామి అన్నది అమెరికా అధికారులు. చైనా ధ్రువీకరించలేదు. చైనా అణు జలాంతర్గాములు కట్టే పేరున్న యార్డు అక్కడ కాదు, బోహాయ్ తీరంలో హులుడావోలో ఉంది. ఈ నాలుగు వాక్యాలూ పక్కపక్కన పెట్టి ఆగిపో. తీర్పు అక్కర్లేదు.

బంగాళాఖాతం దాకా చైనా జలాంతర్గాముల రాక గురించి రాసేటప్పుడు దారి చూపించు. మలక్కా జలసంధిలో కొన్నిచోట్ల లోతు పాతిక మీటర్లు, ఓడల రద్దీ సరేసరి. ఇండోనేషియాలోని సుందా జలసంధి తూర్పు కొసన ఇరవై మీటర్లకు పడిపోతుంది. మునిగి రావాలంటే అదే దేశంలోని లాంబాక్ జలసంధి లాంటి లోతైన దారి పట్టాలి, అది చుట్టు. డీజిల్ జలాంతర్గామి నెమ్మదిగా రావాలి, మధ్యమధ్య గాలి గొట్టం పైకి పెట్టి బ్యాటరీలు నింపుకోవాలి, దొరికిపోయేది అప్పుడే. 2014లో కొలంబో రేవుకు వచ్చిన చైనా జలాంతర్గామి వెంట చాంగ్‌షింగ్ డావో అనే సహాయ నౌక వచ్చిందంటే కారణం ఆ దూరమే. 2017లో ఆఫ్రికా తూర్పు తీరంలోని జిబూటీలో స్థావరం తెరిచిందీ ఇందుకే. పాకిస్తాన్‌కు అమ్మే హాంగోర్ జలాంతర్గాములు ఆరని రాశావు, ఎనిమిది. 2015 ఒప్పందంలో నాలుగు చైనాలో, నాలుగు కరాచీలో కట్టాలని ఉంది. మొదటిది 2024 ఏప్రిల్‌లో వుహాన్‌లో జలప్రవేశం చేసింది. మనకు దగ్గర్లో శాశ్వతంగా ఉండేవి ఇవే గనక ఒక పేరా ఎక్కువ ఖర్చు పెట్టినా తప్పులేదు.

సమాచారానికి చైనా టీవీ ఒక్కటీ సరిపోదు, దాని వ్యతిరేకులూ సరిపోరు. జపాన్ రక్షణ శాఖ చైనా ఓడలు ఏ జలసంధి ఎప్పుడు దాటాయో మ్యాపుతో సహా ప్రకటిస్తుంది. తైవాన్ రోజూ ఉదయం ఆరు నుంచి మర్నాడు ఆరు దాకా తన చుట్టూ తిరిగిన చైనా విమానాలు, ఓడల లెక్క ఇస్తుంది. చైనా సముద్ర భద్రతా విభాగం ఫలానా తేదీల్లో ఫలానా నీళ్లలోకి రావద్దని నోటీసు వేస్తే, ఒక్కోసారి సముద్ర పరీక్షల కబురు అక్కడే ముందుగా తెలుస్తుంది. ఉచితంగా దొరికే యూరప్ ఉపగ్రహం సెంటినెల్-2 చిత్రంలో ఒక చుక్క పది మీటర్లు. 315 మీటర్ల వాహక నౌక దాదాపు 31 చుక్కల పొడవున స్పష్టంగా తెలుస్తుంది. 135 మీటర్ల టైప్ 094 పదమూడు చుక్కల పొడవు, వెడల్పు ఒక్క చుక్క. రేవు గట్టు కూడా అలాగే కనిపిస్తుంది. అందులో "కొత్త జలాంతర్గామి కనిపించింది" అని రాస్తే నవ్వులపాలవుతావు.

విశాఖ వెళ్లి రామకృష్ణా బీచ్‌లో మ్యూజియంగా ఉన్న కురుసుర జలాంతర్గామి లోపల నిదానంగా నడువు. సోవియట్ ఫాక్స్‌ట్రాట్ తరగతిది, 91 మీటర్లు, ముందు ఆరు, వెనక నాలుగు టార్పెడో గొట్టాలు, మూడు డీజిల్ ఇంజిన్లు, మూడు ప్రొపెల్లర్లు. బయటికొచ్చాక వెనక్కి వెళ్లి ఆ మూడు ప్రొపెల్లర్లు చూడు. ఇప్పటి జలాంతర్గాములకు సాధారణంగా ఒక్కటే ఉంటుంది, రెక్కలు ఎక్కువ, కొసలు వెనక్కి వంపు తిరిగి ఉంటాయి. చప్పుడు గురించి నువ్వు రాసే పేరాకు ఆధారం అక్కడుంది. అదే ఊళ్లో మన నౌకాదళ ఓడ ఎప్పుడు బయల్దేరింది, ఏ గట్టున ఉంది లాంటివి మాత్రం రాయకు, ఫొటో పెట్టకు. 2019 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ పోలీసు ఇంటెలిజెన్స్ నౌకాదళ సిబ్బందిని అరెస్టు చేసింది సరిగ్గా ఇలాంటి కబుర్లు బయటికి పోయాయనే. ఆ తర్వాతే ఓడల మీద, స్థావరాల్లో స్మార్ట్‌ఫోన్లు నిషేధించారు.

రెండో ప్రతిలో ప్రతి అంకె పక్కనా అది ఎక్కడిదో, ఏ నెలదో పెన్సిల్‌తో రాసి పంపు. ఓడల ఫొటోలు రెండు మించక్కర్లేదు. మ్యాపు ఒకటి వెయ్యి. అందులో హైనాన్, మలక్కా, సుందా, లాంబాక్, జిబూటీ, కరాచీ, విశాఖ ఉండాలి, మధ్య దూరాలు నాటికల్ మైళ్లలోనూ కిలోమీటర్లలోనూ వెయ్యి. నాటికల్ మైలు అంటే 1.852 కిలోమీటర్లు.

ఆశీస్సులతో,
అన్నయ్య