మామగారి డ్యూటీ, మావారి ఆట

ప్రశ్న: మాది విజయవాడ సత్యనారాయణపురం. మామగారు రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. పిల్లలు ఫోన్లు వదులుతారని మావారు ‘టికెట్ టు రైడ్’ అనే రైళ్ల బోర్డు గేమ్ కొన్నారు. ఆదివారాలు ఆయన, పదేళ్ల పాప, ఆరేళ్ల బాబు ఆడతారు. నేను పాయింట్లు రాస్తాను. బాబు వెయ్యబోయే రూటులో మావారు ముందే తన రైలు పెట్టెలు పెట్టేసి నవ్వుతారు. వాడు ఏడ్చి బోర్డు తన్నేస్తాడు. మొన్న మామగారు "పసివాడి మీద గెలిచి ఏం సాధిస్తావురా?" అన్నారు. "మీరు మాతో ఒక్కరోజైనా ఆడారా?" అన్నారు మావారు. అప్పట్నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఆ ఆటను అటకెక్కించేయనా?

జవాబు: అటకెక్కిస్తే బాబు ఏడుపు ఆగుతుంది. మీవారి నోట వచ్చిన మాట మాత్రం ఇంట్లోనే ఉంటుంది. మీరు దాన్ని చివర్లో రాశారు గానీ, నాకు అసలు సమస్య అదే అనిపించింది.

గార్డు ఉద్యోగానికి పండగ లేదు, రాత్రీ పగలూ లేదు. పిలుపొస్తే బయల్దేరాలి. గూడూరులోనో కాజీపేటలోనో రన్నింగ్ రూములో, అంటే బండి సిబ్బంది విశ్రాంతి గదిలో, నడుం వాల్చి, తిరుగు బండితో ఇంటికి చేరేసరికి పిల్లలు బడికెళ్లిపోయి ఉంటారు. అలాంటి ఇంట్లో పెరిగిన మనిషి, తన పిల్లలకు ఆ లోటు ఉండకూడదని ఆదివారం బోర్డు ముందు కూర్చున్నారు. అక్కడే తండ్రి తప్పు పట్టేసరికి తట్టుకోలేకపోయారు. మామగారు అన్నదీ అబద్ధం కాదు. వీళ్లిద్దరి మధ్య మీరు కబుర్లు మోయకండి. "మీ నాన్నగారు బాధపడుతున్నారు" అని మీరు చెబితే మీవారికి అది ఇంకో ఫిర్యాదులాగే వినిపిస్తుంది.

ముందు ఆట సంగతి చూద్దాం. ఆ ఆట అట్టపెట్టె మీద ఎనిమిదేళ్లు పైబడినవాళ్లకని ఉంటుంది. బాబుకు ఆరే. ఇంకో చిక్కుంది. బోర్డు మీద కొన్ని ఊళ్ల మధ్య జంట లైన్లుంటాయి కదా, ఇద్దరో ముగ్గురో ఆడితే వాటిలో ఒకటి ఎవరైనా తీసుకోగానే రెండోది మూసుకుపోతుంది. నలుగురైతే రెండూ వాడుకోవచ్చు. మీ ఇంట్లో ముగ్గురే ఆడుతున్నారు కాబట్టి దారులు ఇరుకవుతున్నాయి. పాయింట్ల పుస్తకం పక్కన పెట్టి మీరూ ఆటలో కూర్చోండి. బాబును మామగారికి జోడీ చెయ్యండి, ఇద్దరిదీ ఒకే చెయ్యి. అప్పుడు నాలుగు పక్షాలవుతాయి. జీవితమంతా బండ్ల వెంట తిరిగిన మనిషిని ఇన్నాళ్లూ గట్టు మీద కూర్చోబెట్టడం నాకైతే వింతగానే ఉంది. "కాజీపేట లైను ఒకడే కొనేసుకుంటే మిగతా బండ్లు ఎటుపోవాలి?" అని ఆయన రూల్సు మీద వాదన పెట్టుకోవచ్చు. పెట్టుకోనివ్వండి.

ఈ ఆటలో టికెట్టంటే ఫలానా రెండు ఊళ్లను కలపమని చెప్పే కార్డు. మొదట్లో ఇచ్చే మూడు టికెట్లలో కనీసం రెండు ఉంచుకోవాలి. పిల్లలు పెద్ద అంకె చూసి లాస్ ఏంజెలిస్–న్యూయార్క్ లాంటిది పట్టుకుంటారు. పూర్తయితే 21 పాయింట్లు, కాకపోతే అదే 21 పోతాయి. ఒకే వైపు వెళ్లే చిన్న టికెట్లు ఏరడం బాబుకు తాతగారు నేర్పుతారు. కొన్నాళ్లు వాళ్ల జోడీకి ఆ కోత ఎత్తెయ్యండి. పాప ఒప్పుకున్నాకే సుమా, లేకపోతే రేపు ఆ అమ్మాయి ఉత్తరం రాస్తుంది. కావాలని ఓడిపోవడం మాత్రం వద్దు, పదేళ్ల పిల్ల ఇట్టే పట్టేస్తుంది. అప్పటికీ బాబుకు కష్టంగా ఉంటే ‘ఫస్ట్ జర్నీ’ అని ఆరేళ్ల నుంచి ఆడగలిగే పెట్టె వేరే ఉంది. అందులో పాయింట్ల లెక్క లేదు, ముందు ఆరు టికెట్లు పూర్తి చేసినవాళ్లదే గెలుపు.

దారికి అడ్డం పడటం ఆటలో తప్పేం కాదు. మీవారితో ఆదివారం కాకుండా మామూలు రోజున, పిల్లలు పడుకున్నాక చెప్పండి: "నా దారికి అడ్డం పడండి, పాప దారికీ పడండి, బాబు ఏడుస్తుంటే మాత్రం నవ్వకండి." అంతవరకే. మామగారి ప్రస్తావన తేవద్దు.

ఆడుతూ ఆడుతూ మామగారు తన డ్యూటీ రోజుల గురించి మొదలుపెడితే ఆట ఆగినా ఫర్వాలేదు, ఆయన్ని ఆపకండి. మీవారు మధ్యలో లేచి వెళ్లిపోయినా పిలవకండి. పక్క గదిలోకి వినిపిస్తుంది. నెలలు గడిచినా ఇద్దరూ ముఖం తిప్పుకునే ఉంటే, కౌన్సెలర్ దగ్గరికి వాళ్లిద్దరూ కలిసి వెళ్లాలి. వాళ్ల తరఫున మీరు వెళ్లి లాభం లేదు.