ముందు అమ్మాయితో మాట్లాడమనండి

ఇంగ్లండ్‌లోని రెడింగ్ నుంచి ఒక తల్లి రాశారు. కూతురికి అక్కడి పేరున్న ప్రభువుల ఇంటి అబ్బాయితో పెళ్లి కుదిరింది. అప్పట్నుంచి ఇంటి ముందు కెమెరాలే. గుంటూరులో ఉన్న మేనమామకు కూడా ఫోన్లు వస్తున్నాయట. మన గురించి తప్పుగా రాస్తున్నారు, ఒక్క ఇంటర్వ్యూ ఇచ్చి అన్నీ తేల్చేస్తానని భర్త పట్టుబడుతున్నారు. "ఆయన ఏం చెప్తే బాగుంటుంది? అచ్చయ్యే ముందు మాకు చూపించమని అడగొచ్చా?" అని ఆవిడ ప్రశ్న.

అడగొచ్చమ్మా, మామూలుగా ఒప్పుకోరు. దాని గురించి ఇంతకంటే ఆలోచించనక్కర్లేదు. మీరు మధ్యలో ఒక మాట రాసి దాటేశారు: నిశ్చితార్థం తేదీ మెసేజ్‌లో తెలిసిందని, ఆ రోజు నుంచి ఆయన అమ్మాయితో సరిగా మాట్లాడటం లేదని. మీ ఇంట్లో అసలు కష్టం అదే. కూతురి ఎదుట అనలేకపోతున్న మాటను మీ ఆయన పేపర్లో చెప్పాలనుకుంటున్నారు.

బ్రిటన్ రాకుమారుడు హ్యారీని పెళ్లాడిన మేఘన్ మార్కెల్ తండ్రి థామస్ చేసింది కూడా ఇదే. 2018 మే 19న విండ్సర్‌లో పెళ్లి. సరిగ్గా కొద్ది రోజుల ముందు, ఆయన ఒక ఫొటోగ్రాఫర్‌తో ముందే మాట్లాడుకుని ఫొటోలు తీయించుకున్నాడని బయటపడింది. ఆ వెంటనే గుండె ఆపరేషన్. పెళ్లికి రాలేకపోయాడు. అక్కడితో ఆగినా సర్దుకునేవాళ్లేమో. ఆ ఆగస్టులో కూతురు చేత్తో ఐదు పేజీల ఉత్తరం రాసింది. తర్వాత ఆమె స్నేహితులు ఒక పత్రికలో తన గురించి అన్న మాటలకు మండిపోయి, ఆయన ఆ ఉత్తరాన్ని ఇంకో పత్రిక చేతిలో పెట్టాడు. 2019 ఫిబ్రవరిలో అచ్చయింది. ఆమె ఆ పత్రిక మీద కోర్టుకెళ్లి 2021లో గెలిచింది. ఆ తండ్రి బాధ అబద్ధమని నేననను. కానీ తనకొక్కడికే రాసిన ఉత్తరాన్ని లోకానికి చదివి వినిపించిన తండ్రికి ఏ బిడ్డ మళ్లీ మనసు విప్పి రాస్తుంది?

అదే పెళ్లిలో పుట్టింటి తరఫున కూర్చున్నది తల్లి డోరియా ఒక్కరే. మాజీ భర్త థామస్ గురించి అడగడానికి ఎంతమంది ఎదురుచూస్తున్నా ఆవిడ ఇంటర్వ్యూల జోలికి పోలేదు. కొన్నేళ్ల తర్వాత 2022లో మాట్లాడింది, అదీ కూతురూ అల్లుడూ చేయించిన డాక్యుమెంటరీలో.

మీకు దగ్గర్లోనే బకిల్‌బరీ ఉంది, హ్యారీ అన్న విలియం భార్య కేట్ పుట్టింటి వాళ్ల ఊరు. 2010 నవంబరులో నిశ్చితార్థం ప్రకటించిన రోజు తండ్రి మైకేల్ ఇంటి బయట నిలబడి నాలుగు ముక్కలు చదివాడు, అంతే. తల్లి కరోల్ ఒకప్పుడు ఎయిర్ హోస్టెస్ అని ఎంత ఎగతాళి నడిచిందో మీకు తెలిసే ఉంటుంది. ఆవిడ మొదటిసారి పెద్ద ఇంటర్వ్యూ ఇచ్చింది 2018లో, కూతురి పెళ్లయిన ఏడేళ్లకు. ఆవిడకు పౌరుషం లేదనుకుంటున్నారా? పరాయివాళ్లకు సంజాయిషీ ఇచ్చుకోకపోవడమే పౌరుషమని నేను గట్టిగా నమ్ముతాను.

ఇంటి ముందున్న వాళ్లకు ఒక్కసారి స్పష్టంగా వద్దని చెప్పండి. వద్దన్నాక కూడా వెంటపడటం అక్కడి పత్రికల నియమావళికే విరుద్ధం. అక్కడి పత్రికల మీద ఫిర్యాదులు చూసే ఇప్సో సంస్థకు ఫోన్ చేస్తే వేధింపులు ఆపమని పత్రికలకు కబురు పంపుతారు. మీ తమ్ముడికి మీరే ఫోన్ చేసి, అమ్మాయి చిన్నప్పటి ఫొటోలు ఎవరడిగినా ఇవ్వొద్దని చెప్పండి.

ఇక మీ సంగతి. తండ్రి మాట కూతురికి, కూతురి మాట తండ్రికి మీరే మోస్తున్నారు. ఇద్దరి కోపాలూ చల్లార్చాలని మంచి మాటలు కలిపి చెప్తున్నారు కూడా. అందుకే ఆయనకు ఎంత బాధ కలిగిందో ఆ పిల్లకు ఈ రోజుకీ తెలియదు. ఇది మానేయండి. కన్న తండ్రికి నిశ్చితార్థం సంగతి మెసేజ్‌లో పంపడం ముమ్మాటికీ ఆమె తప్పే. కానీ ఆ మాట ఆయనే వెళ్లి ఆమెతో అనాలి, కోపంగా అన్నా సరే. మీరు తోడు వెళ్లకండి. విలేకరి శుక్రవారం దాకా గడువిచ్చాడన్నారు కదా, మీ ఆయన గురువారమే బయల్దేరాలి.