కొక్కెం నోరు తెరిస్తే

ప్రశ్న: ఆటోనగర్‌లో మాకు చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు ఉంది. 3 టన్నుల చైన్ పుల్లీ బ్లాక్ కొక్కెం నోరు కాస్త తెరుచుకుంది. మా మేస్త్రిగారు ఎర్రగా కాల్చి, సుత్తితో కొట్టి దగ్గరకు తెచ్చారు. పరీక్ష సర్టిఫికెట్‌కు ఇంకా ఏడు నెలల గడువుంది. వాడుకోవచ్చా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: వాడకండి. ఈ రోజే విప్పి, ఎవరూ మళ్లీ తగిలించకుండా గ్యాస్ కట్టర్‌తో రెండు ముక్కలు చేయించండి. మేస్త్రిగారి పనితనానికి వంక పెట్టను. కానీ కొక్కేనికి ఆ బలం లెక్క ప్రకారం కాచి చల్లార్చడం వల్ల వస్తుంది. ఎర్రగా కాల్చగానే పోతుంది. పైగా మోతాదు మించిన బరువు పడితే ఠక్కున విరగకుండా మెల్లగా తెరుచుకునేలా దాన్ని తయారుచేస్తారు. అది నోరు తెరిచి చెప్పింది, మీరు మూయించారు.

అసలు ఎందుకు తెరుచుకుందో చూడండి. బరువు కొక్కెం గుంటలో కాక కొనమీద పడిందా? స్లింగులు, అంటే బరువును కొక్కేనికి వేలాడదీసే తాళ్లు, మరీ వెడల్పుగా కట్టారా? 2 టన్నుల గర్డర్‌ను రెండు స్లింగులతో ఎత్తినప్పుడు వాటి మధ్య కోణం 60 డిగ్రీలైతే ఒక్కోదాని మీద సుమారు 1.15 టన్నులు పడుతుంది. అదే 120 డిగ్రీలైతే ఒక్కొక్కటీ పూర్తిగా 2 టన్నులు లాగాలి. పొట్టి స్లింగులతో పొడవాటి గర్డర్లు ఎత్తేవారు ఈ లెక్క గోడమీద రాసుకోవాలి. మోతాదు మించిన బరువే కారణమైతే అది గొలుసు మీదా పడి ఉంటుంది కాబట్టి, బ్లాక్ మొత్తాన్ని పరీక్ష చేయించాకే తగిలించండి.

సర్టిఫికెట్ అంటారా, 12 నెలలకు ‘కనీసం’ ఒకసారి పరీక్ష అన్నది 1948 ఫ్యాక్టరీల చట్టం 29వ సెక్షన్ నాటి మాట. ఆ కాగితం పరీక్ష జరిగిన రోజున్న కొక్కేనికే వర్తిస్తుంది, కాల్చి కొట్టినదానికి కాదు.

కొత్తది తయారీదారు దగ్గరే కొనండి. తెచ్చిన రోజే నోటి దూరం వెర్నియర్‌తో కొలిచి రాసిపెట్టండి. 40 మిల్లీమీటర్లున్నది 42 అయితే, అంటే 5 శాతం పెరిగితే, తీసేయమంటుంది అమెరికా ప్రమాణం ఏఎస్ఎంఈ బి30.10. నేను క్రేన్ల పనిలో ఉన్నప్పుడు కొక్కేన్ని కిరోసిన్‌తో తడిపి, తుడిచి, సుద్దపొడి చల్లేవాళ్లం. ఒకసారి వంపు లోపల వెంట్రుకంత నల్లటి గీత పొడిలోంచి తేలింది. పగుల్లోని కిరోసిన్ అది. అప్పటిదాకా ఆ కొక్కెం కిందే భోజనాలు చేశాం!

ఒక సంగతి మీరు రాయలేదు: మీ కొక్కేనికి తాడు జారకుండా ఆపే నాలుక ఉందా, లేక అడ్డొస్తోందని తీగతో వెనక్కి కట్టేశారా?