మునిగిన ఊరి నవల రాస్తాండే మేనల్లుడికి

అబ్బీ, ఆశీస్సులు.

శ్రీశైలం నీళ్ళలో మునిగిన ఊరి మీద దయ్యాల నవల రాస్తాండావని మీ అమ్మ చెప్పింది. ఒక అధ్యాయం 1981లో, ఒకటి ఇప్పట్లో అంట. సంతోషమే. గుబులు కూడా ఉంది. కాలాన్ని ముక్కలు చేస్తే చాలు, భయం దానంతటదే పుడుతుందనుకునేవాళ్ళు ఎక్కువ. తికమకపడినవాడు భయపడడు, పుస్తకం మూసి పడుకుంటాడు.

తేదీలు, వయసులు ఒక కాగితం మీద రాసి గోడకు అంటించుకో. ఏ కాలమో మొదటి రెండు వాక్యాల్లో తెలియాలి. "అతనికి గతం గుర్తొచ్చింది" అని ఎక్కడా రాయొద్దు. ఇవన్నీ నీకు తెలిసినవే.

నీ కథకు గడియారం ఆ నీళ్ళే. రిజర్వాయరు నిండితే నీటిమట్టం సముద్రమట్టానికి 885 అడుగుల ఎత్తు. వేసవిలో మట్టం తగ్గితే సంగమేశ్వరం గుడి బయటపడుతుంది, వరదొస్తే మళ్ళీ మునుగుతుంది. ఇప్పటి కథలో ప్రతి అధ్యాయానికీ నీళ్ళు దిగనీ, 1981లో ఎక్కనీ. ఇక్కడ బయటపడిన గోడ అక్కడ మునుగుతుండాలి. ఒక్క రాత్రిలో నీళ్ళొచ్చి ఊరిమీద పడినట్టు రాసేవు, తన్నులు తింటావు! రిజర్వాయరు నీళ్ళు పాకుతూ వస్తాయి: పొలం, కల్లం, వీధి, గడప. ఆ నిదానమే నీ పెట్టుబడి. ఇంకోటి, ఊరొదిలి పోయేవాళ్ళు తలుపులు, దూలాలు విప్పుకొనిపోతారు. మరి ఈ ఒక్క ఇంటి తలుపు ఎందుకు విప్పలేదు? దయ్యం కంటే ముందు ఆ ప్రశ్న వాకిట్లో నిలబడాల.

ఇక, కొత్తగా రాసేవాళ్ళు తప్పకుండా చేసే తప్పు ఒకటుంది. కథ చెప్పేవాడికి మొదట్నుంచీ తెలిసిన సంగతిని ఆఖరి అధ్యాయం దాకా దాచిపెట్టడం. నీ కథలోనే అనుకో, ఆ 1981 రాత్రి అవ్వ లోపలుండగా బయట గొళ్ళెం పెట్టింది ఎనిమిదేళ్ళప్పటి తానేనని కథ చెప్పేవాడితో చివర్లో చెప్పిస్తారు. పాఠకుడు ఉలిక్కిపడతాడు, నిజమే. మరుక్షణం పేజీలు వెనక్కి తిప్పుతాడు. రెండొందల పేజీలు ఆ రాత్రినే తలపోసినవాడికి ఈ ఒక్క ముక్కే ఎందుకు గుర్తురాలేదు? అక్కడితో నమ్మకం పాయె. సంగతి ముందే చెప్పెయ్, దాని అర్థం మాత్రం పాఠకుడికి అందనీయకు. మొదటి అధ్యాయంలోనే "గొళ్ళెం చల్లగా ఉండింది" అని రాసి ముందుకు పో. లోపలున్నవాళ్ళకు గొళ్ళెం చప్పుడే వినపడుతుంది. చల్లదనం తెలిసేది బయటనుంచి చెయ్యేసినవాడికే. మొదటిసారి చదివేటప్పుడు అక్కడ ఎవరూ ఆగరు.

ఆ రాత్రిని మూడుసార్లు చెప్పించు. మొదట కథ చెప్పేవాడు వాళ్ళమ్మ నోట విన్నట్టు, "తలుపు వేశారట." సగం పుస్తకం దాటాక "తలుపు వేశారు." ఆఖర్న "వేశాను." తక్కినవి, వాన, బుడ్డిదీపం, కుక్క ఏడుపు, మూడింట్లోనూ అక్షరం మారకూడదు. అన్నీ కదిలిస్తే ఏది కదిలిందో పాఠకుడికి పట్టు దొరకదు. దీనికి ముందు, ఆ రాత్రి నిజంగా ఏం జరిగిందో గంటల వారీగా ఒక పేజీ రాసి పెట్టుకో. నవల్లో ఆ పేజీ ఎక్కడా రాకూడదు.

1981 అధ్యాయాన్ని అరుపు దగ్గర ఆపడం నాటకాల పద్ధతి. పిల్లోడు తలుపు దగ్గరికి పోయేటప్పుడే ఆపు. వెంటనే ఇప్పటి అధ్యాయంలో కుళ్ళిన చెక్క మీద తుప్పుపట్టిన గొళ్ళెం, బయటనుంచి పెట్టే ఉన్నది, చూపించు. జవాబు ముందొచ్చింది గదా, ఇక జరిగేదాని కోసం పాఠకుడే బిక్కుబిక్కుమంటూ కాచుకుంటాడు. మొదట్లో పన్నెండు పేజీల అధ్యాయాలున్నా, ఆఖరి మూడోవంతులో రెండు మూడు పేజీలకు కుదించు.

ఊరికి నిజం పేరు మాత్రం పెట్టొద్దు నాయనా. ఇళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు ఇంకా మన మధ్యనే ఉన్నారు. ఎవరి అవ్వనో దయ్యాన్ని చేశామనిపించుకోకూడదు. చూడ్డానికి పోతే ఒంటరిగా పోవద్దు. నీళ్ళు తీసినచోట పైన పెచ్చుకట్టి ఎండినట్టుంటుంది, కింద అడుసు. కాలు దిగితే రాదు.

మొదటి మూడు అధ్యాయాలు ప్రింటు తీసి పంపు, అక్షరాలు పెద్దవిగా. ఫోన్లో పంపితే చదవను. రాత్రి రెండు దాకా మేలుకొని రాస్తాండావంట, అదీ మీ అమ్మే చెప్పింది.

ఇట్లు,
మీ మామ,
కర్నూలు