కప్లర్ పొట్టిగా ఉండటం తప్పు కాదు, డిటెక్టర్ దగ్గర చూడండి

ప్రశ్న: మాది హన్మకొండ, బీటెక్ ఈసీఈ ఆఖరి ఏడాది. నర్సంపేట వైపు మిర్చి చేలల్లో బోరు మోటార్లను ఇంటి నుంచే ఆన్, ఆఫ్ చేసే లోరా (తక్కువ పవర్‌తో దూరం పోయే రేడియో) పరికరం ప్రాజెక్టుగా చేస్తున్నాం. కోతులు యాంటెన్నా విరిచేస్తే వెంటనే తెలియాలని, వెళ్లే పవర్, తిరిగొచ్చే పవర్ రెండూ కొలిచే డైరెక్షనల్ కప్లర్‌ని బోర్డు మీదే గీశాం. 866 మెగాహెర్ట్జ్‌కి క్వార్టర్ వేవ్ (తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు) అంటే 48 మిల్లీమీటర్లు వస్తోంది, చోటు లేక 12కి కుదించాం. ఇప్పుడు యాంటెన్నా ఉన్నా పీకేసినా తిరిగొచ్చే రీడింగ్‌లో తేడా 5 డీబీ కూడా లేదు. పొట్టిగా చేయడం వల్లేనా?

జవాబు: కాదు. పొడవు తగ్గిస్తే కప్లింగ్, అంటే మెయిన్ లైన్ నుంచి పక్క లైన్‌లోకి వచ్చే శాంపిల్, తగ్గుతుంది, అంతే. క్వార్టర్ వేవ్ దగ్గర 15 డీబీ తక్కువగా శాంపిల్ ఇచ్చే జంట లైన్లు 12 మిల్లీమీటర్లకి సుమారు 23 డీబీ తక్కువగా ఇస్తాయి, మీ 100 మిల్లీవాట్ల ట్రాన్స్‌మిటర్‌లోంచి అంత చిన్న వాటా వచ్చినా దాన్ని కొలిచే డిటెక్టర్ చిప్‌కి ఎక్కువే. చోటు కోసం పొడవు తగ్గించండి గానీ గ్యాప్ మాత్రం పెంచకండి, మైక్రోస్ట్రిప్‌లో (బోర్డు పైన రాగి లైను, కింద గ్రౌండ్) లైన్లు దూరమైనకొద్దీ డైరెక్టివిటీ, అంటే వెళ్లే పవర్‌నీ తిరిగొచ్చే పవర్‌నీ విడదీసే సామర్థ్యం, పడిపోతుంది.

నా అనుమానం డిటెక్టర్ మీద. లాగ్ డిటెక్టర్ చిప్‌లు చాలావాటి ఇన్‌పుట్ 50 ఓమ్‌లు ఉండదు, వెయ్యి ఓమ్‌ల దరిదాపుల్లో ఉంటుంది. వెళ్లే పవర్ శాంపిల్ మొదటి డిటెక్టర్ దాకా వచ్చి, అక్కడ మ్యాచ్ లేక వెనక్కి తిరిగి, అదే లైను మీదుగా రెండో డిటెక్టర్‌లోకి పోతుంది. మీరు చూస్తున్న "తిరిగొచ్చే పవర్"లో ఎక్కువ భాగం యాంటెన్నా నుంచి రానే లేదు! డిటెక్టర్ దగ్గర గ్రౌండ్‌కి 50 ఓమ్‌ల రెసిస్టర్ వేసి, దాని ముందు 100, 68, 100 ఓమ్‌లతో పై (π) ప్యాడ్, అంటే సిగ్నల్‌ని తగ్గించే మూడు రెసిస్టర్ల అమరిక, పెట్టండి. సుమారు 10 డీబీ తగ్గిస్తుంది, తిరుగు సిగ్నల్ దాన్ని రెండుసార్లు దాటాలి కాబట్టి 20 డీబీ బలహీనపడుతుంది. రెండు పోర్టులకీ వేయండి, గ్రౌండ్ వయాలు (కింది గ్రౌండ్‌కి కలిపే రంధ్రాలు) రెసిస్టర్ పక్కనే ఉండాలి.

ఆ తర్వాత మిగిలే లోపం బోర్డుది. కింద ఎఫ్‌ఆర్4 (మామూలు బోర్డు పదార్థం), పైన గాలి, అందుకే రెండు లైన్లలో సిగ్నల్ ఎదురెదురుగా ఉండే ఆడ్ మోడ్ కాస్త వేగంగా, ఒకేలా ఉండే ఈవెన్ మోడ్ కాస్త నెమ్మదిగా పోతాయి. లైన్ల చివర్లలో వాటి మధ్య చిన్న కెపాసిటెన్స్ కలిపితే సర్దుకుంటుంది, కానీ కావలసింది పికోఫారడ్‌లో పదో వంతు స్థాయిలో ఉంటుంది కాబట్టి షాపులో కొనే కెపాసిటర్ కుదరదు, చివర్లలో రాగి ముక్కలు ఎదురెదురుగా పొడుచుకొచ్చేలా గీసి బ్లేడుతో కొద్దికొద్దిగా గీకుతూ సరిచేయాలి, లేదా లోపలి అంచుల్ని రంపం పళ్లలా గీయాలి. నాలుగు లేయర్ల బోర్డుకి డబ్బులుంటే లైన్లను లోపలి లేయర్‌లో పెట్టి పైనా కిందా గ్రౌండ్ ఇవ్వండి, ఈ తేడా దాదాపు పోతుంది.

30 డీబీ డైరెక్టివిటీ కోసం టెన్షన్ పడొద్దు, విరిగిన యాంటెన్నాని పట్టడానికి 15 చాలు. యాంటెన్నా చోట మంచి 50 ఓమ్‌ల లోడ్ పెట్టి ఒకసారి, ఖాళీగా వదిలి ఒకసారి చూడండి, ట్రాన్స్‌మిటర్ మీద ఖాళీ పరీక్ష క్షణాల్లో ముగించండి.